ఒక సంచీ తక్కువ

ఊపిరి ఆడుతోందా లేదా అన్నది సంచీ బయటినుంచి చూస్తేనే తెలిసిపోతుంది, లోపల పిట్ట ఎంత చిన్నదైనా గుడ్డ కాస్త లేస్తుంది, కాస్త దిగుతుంది, అదిగో ఆ ఆకుపచ్చ గళ్ళ సంచీ లేస్తోంది, దాని పక్క వంకాయరంగుది కూడా లేస్తోంది, మరి ఆ చివరి కొక్కేనికున్న తెల్లపూలది కదలదేం, ఇందాకటి నుంచీ కదలడం లేదు, గురునాథరావు గబగబా వెళ్ళి సంచీ కింద అరచెయ్యి పెట్టాడు, వెచ్చగా తగిలింది, లోపలి పికిలిపిట్ట విసుగ్గా ఒకసారి గింజుకుంది, బతికే ఉంది, దాని వంతు ఇంకా రాలేదు సార్ అన్నాడు బల్ల దగ్గర కూర్చుని ఇంకో పిట్ట కాలికి ఉంగరం తొడుగుతున్న ఆసిమ్, తలెత్తకుండానే, పాతబస్తీ మనిషి, యూనివర్సిటీలో పిట్టల మీద పరిశోధన చేస్తున్నాడు, మర్యాదస్తుడు, కేంపు సూపర్‌వైజరు గారు పొద్దుటి నుంచీ ఇలా సంచీల కింద చేతులు పెట్టి చూస్తున్నారేమిటని లోపల అనుకుంటున్నాడేమో గాని పైకి అనడు, రాలేదని నాకు తెలుసులేవోయ్ అని గురునాథరావు కసిరాడు, కసురుకోవడం ఒక్కటే ఈ సీజన్లో అతనికి తప్పకుండా కుదురుతున్న పని.

పద్మనాభం ఊరు దాటాక కొండవాలులో ఉన్న జీడితోటలో ఈ కేంపు, పైవాళ్ళు ఫీల్డ్ స్టేషన్ అంటారు, ఊళ్ళోవాళ్ళు పిట్టల కేంపు అంటారు, దసరా వెళ్ళాక మొదలై శివరాత్రి దాకా ఉంటుంది, చలికాలం గడపడానికి ఎక్కడెక్కడి మంచుదేశాల నుంచో వచ్చే పిట్టల్ని కంటికి ఆనని సన్నటి వలల్లో పట్టడం, గుడ్డసంచీల్లో వేసి షెడ్డు కొక్కేలకి తగిలించడం, ఒక్కొక్కదాన్నీ తీసి రెక్క కొలిచి తూకం వేసి కాలికి నంబరున్న చిన్న ఉంగరం తొడిగి వదిలెయ్యడం, అంతే పని, మిగతా ఏడాదంతా గురునాథరావుకి తన వరిమడి, తన మినుముచేను, గౌరి నవ్వేది, లోకంలో పిట్టలన్నిటి కాళ్ళకీ కడియాలు తొడుగుతావు గాని బావా, నా కాలి పట్టీ తెగి ఏడాదైనాది, దాన్ని అతికించడానికి నీకు తీరిక నేదేటి, అని ఎవరి ముందు పడితే వాళ్ళ ముందు అనేసేది, మేనమామ కూతురు, చిన్నప్పటి నుంచీ ఉన్న చనువు, పెళ్ళయ్యాక తగ్గుతుందనుకున్నాడు, తగ్గలేదు, ఆ పట్టీ ఇప్పటికీ ఇంట్లో మేకుకి అలాగే ఉంది, అతికించి ఎవరి కాలికి పెట్టాలి, ఆసిమ్ తూకం చెబుతున్నాడు, సంచీ బరువు తీసేశావా, తీసేశాను సార్, సరే, తీసెయ్యాలి, ప్రతిసారీ సంచీని పిట్టతో కలిపి తూచి సంచీ బరువు తీసెయ్యాలి, మిగిలిందే పిట్ట, గౌరి బరువు తీసెయ్యి ఆసిమ్ అన్నట్టు వినబడింది తనకే, తల విదిలించుకున్నాడు.

ఈ సంచీలు గౌరి చీరలు, ఆ సంగతి తనకీ కూతురికీ తప్ప ఎవరికీ తెలియదు, పాత సంచీలు చిరిగిపోయాయి, మెత్తటి నూలుగుడ్డ ఉంటే బాగుణ్ణు అని ఎప్పుడో మాటవరసకి దేవిశ్రీతో అన్నాడు, పట్నంలో సీతమ్మధార వైపు ఒక క్లినిక్కులో రక్తపరీక్షలు చేస్తుంది దేవి, చెవిన పడ్డ మాట వదిలే పిల్ల కాదు, సీజను మొదట్లో బస్సు దిగి వచ్చి ఒక మూట చేతిలో పెట్టింది, ఇవిగో నాన్నా నీ పిట్టలకి, కొత్తగుడ్డ గరుకు కదా, పాతచీరయితే మెత్తగుంటాది, మూట విప్పి చూస్తే అన్నీ గౌరి చీరల సంచీలు, పోయిన మనిషి బట్టలు ఇంట్లో ఉండకూడదని పెద్దకర్మ నాడు పెద్దవాళ్ళు అన్నీ తీయించేశారు కదా, ఇవెక్కడివే అన్నాడు, దాచినాను అంది, తప్పు కదమ్మా అన్నాడు, ఇంట్లో ఉంచకూడదన్నారు గాని తోటలో ఉంచకూడదన్నారేటి నాన్నా, ఇంట్లో ఉండవు కదా, నీ కాడ ఉంటాయి, అంది అటు తిరిగి, తండ్రీ కూతుళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా ఉండడం ఈ మధ్య బాగా నేర్చుకున్నారు, అలా ఈ ఆకుపచ్చ గళ్ళది కొక్కెం ఎక్కింది, మునగకాడల కట్ట నెత్తిన పెట్టుకుని తొలిబస్సుకి పూర్ణా మార్కెట్టుకి వెళ్ళేటప్పుడు కట్టేది, వంకాయరంగుది దేవి మొదటి జీతంతో కొన్నది, తెల్లపూలది మాత్రం సీతమ్మధార చీర, ఊపిరితిత్తులు గట్టిపడిపోయాయని డాక్టరు చెప్పాక కూతురింట్లో మంచం మీద కట్టుకున్నది, పక్కన ఆక్సిజన్ మిషను గురకపెడుతూ ఉండేది, తను కుర్చీలో కూర్చుని గుండెల మీద ఆ చీర లేవడం దిగడం చూస్తూ ఉండేవాడు, అదే పని, లేచింది, దిగింది, లేచింది, దిగింది, ఒకసారి దిగింది, ఇప్పుడు లేస్తుంది, ఇదిగో ఇప్పుడు లేస్తుంది అని చూస్తూనే ఉన్నాడు, దేవి వచ్చి భుజం మీద చెయ్యి వేసేదాకా చూస్తూనే ఉన్నాడు, అలాంటి మనిషిని తీసుకొచ్చి చీరలన్నీ ఊపిరి తీస్తున్న షెడ్డులో నిలబెడితే ఏం చెయ్యగలడు, కొక్కేలన్నిటి మీదా గౌరి ఊపిరి తీస్తోంది, ఏ ఒక్కటి ఆగినా అతని ప్రాణం అక్కడికక్కడే ఆగుతోంది.

ఇవన్నీ దేవి ఉతికి కుట్టినవి, ఒక్కటి తప్ప, ఆఖరిది ఉతకనేదు నాన్నా, నా వల్ల కానేదు, నువ్వే ఉతుక్కో అని బస్సెక్కుతూ చెప్పింది, పసుపురంగు మీద చిన్న ఆకుల చీర, దాన్ని మొహం దగ్గర పెట్టుకుంటే కొబ్బరినూనె, కుంకుడురసం, ఆ రెంటి వెనకాల వంటింటి ఎండుచేపల బుట్ట, ఇంకా వెనకాల గౌరి, ఆ సంచీ ఉతికితే ఏం మిగుల్తుంది, వేడినీళ్ళలో వెయ్యకుండా ఏ సంచీలోనూ పిట్టని పెట్టకూడదని, ఒకదాని జబ్బు ఒకదానికి అంటుకుంటుందని అందరికీ గొంతు చించుకుని చెప్పేది తనే, అంచేత ఉతకలేదు, వాడలేదు, వాసన పోకుండా పాలిథిన్ కవరులో పెట్టి, గాలి అంతా నొక్కేసి, గట్టిగా ముడేసి, చొక్కా లోపలి జేబులో పెట్టుకున్నాడు, రోజుకోసారి ముడి విప్పి ముక్కు పెట్టి మళ్ళీ గబుక్కున కట్టేసేవాడు, ఈ మధ్య అదీ మానేశాడు, విప్పినప్పుడల్లా కొంచెం పోతుందని భయం, బాగానే ఉంది గాని అంతకు ముందు, దేవి తెచ్చిన రోజున, ఆ సంచీని కూడా లెక్కలో కలిపేసి పోతమ్మ చేతికిచ్చాడు, మర్నాడు పొద్దున్నే మనసొప్పక చప్పుడు చెయ్యకుండా వెనక్కి తీసేసుకున్నాడు, అదీ తప్పు, ఆ సాయంత్రమే పోతమ్మ మొహం పాలిపోయి వచ్చింది.

వలల దగ్గర పిట్టల్ని విడదీసి సంచీల్లో వేసి తెచ్చే మనిషి పోతమ్మ, తమ ఊరిదే, వరసకి చెల్లెలవుతుంది, వేళ్ళు నూలుపోగుల్లా సుతారంగా పనిచేస్తాయి, అన్నయ్యా ఒక సంచీ తక్కువొచ్చినాది, ఆ పసుపుది, నానే ఏ కొమ్మకో తగిలించీసి మరిసిపోనానేటో, అంది, దాన్లో పిట్టుంటే ఏటైపోతాది, ఏ ఎలకో ఎత్తుకుపోయుంటుందిలే అన్నాడు తను, ఎలకైతే ముక్కైనా దొరకాల కదా అంది, ఆనాటి నుంచీ రోజూ సాయంత్రం వలలు మూసేశాక ఇంటికి పోదు, జీడిచెట్ల కింద, సీకాయ పొదల్లో, ముళ్ళల్లో చేతులు పెట్టి వెతుకుతుంది, మోచేతులంతా గీతలు, సరిగ్గా తినడం మానేసింది, పడుకుంటే సెవిలో కిచకిచలాడతన్నట్టుంటాది అన్నయ్యా, ఎక్కడుందో తెలీదు గాని పిలుస్తాది, అంటుంది, ఇప్పుడు ఉన్నా బతికుండదు కదే అంటే, సచ్చినా తియ్యాల కదా, దాన్ని అలా ఒగ్గీడమేటి, అంటుంది, తను అరుగు మీద కూర్చుని చూస్తాడు, జేబు మీద చెయ్యి ఉంటుంది, ఇదిగో పోతమ్మా నా దగ్గరే ఉంది అంటే అయిపోయే మాట, అదే రావడం లేదు, ఎందుకు తీశావంటే ఏం చెప్పాలి, చూపించమంటే ఇవ్వాలి, ఇస్తే ఉతుకుతుంది, ఇంత వయసొచ్చి ఒక గుడ్డముక్క దాచుకున్న దొంగలా, రేపు చెబుదాం అనుకుంటాడు, సిగ్గులేదు నీకు అని కూడా అనుకుంటాడు, ఆ రెంటి మధ్య పొద్దు కుంకుతుంది, పోతమ్మ పొదల్లోంచి గుడ్డి వెలుతురులో వస్తుంది, దొరకనేదు అంటుంది.

బంగాళాఖాతంలో అల్పపీడనం అని నిన్ననే ఫోన్లో వచ్చింది, పోర్టులో ఒకటో నంబరు ప్రమాదసూచిక ఎగరేశారట, ఇక్కడికి రాదులే అనుకున్నాడు, అది కూడా తనని అడిగి రాదు కదా, తూర్పున నల్లగా కమ్ముకొచ్చి ఒక్క ఊపులో ఈదురుగాలి, జీడాకులు రాలి షెడ్డు రేకుల మీద పడుతున్నాయి, వలలు మూసెయ్యండి, మూసెయ్యండి అని అరిచాడు, గాలికి ముందు వచ్చిన పిట్టలన్నీ చెట్లలోకి దూరడానికి ఒక్కసారిగా కిందికి దిగి వలల నిండా పడ్డాయి, ఉంగరం వద్దు, కొలతలు వద్దు, విడదీసి అక్కడికక్కడే వదిలెయ్యండి, ఆసిమ్ నువ్వు కొక్కేలవి వదిలెయ్, అందరూ పరిగెత్తారు, వాన మొదలైంది, ఏటవాలుగా కొడుతోంది, షెడ్డులోకి కూడా కొడుతోంది, ఆకుపచ్చ గళ్ళది తడిసింది, వంకాయరంగుది తడిసింది, ఆసిమ్ ఒక్కొక్క మూతీ విప్పి పిట్టల్ని గాల్లోకి వదుల్తున్నాడు, ఖాళీ అయిన చీరలు కొక్కేలకి బొత్తిగా ఊపిరి లేకుండా అతుక్కుపోతున్నాయి, చూడకూడదు, అటు చూడకూడదు అనుకుంటూ గురునాథరావు కొండవైపు ఆఖరి వల దగ్గరికి పరిగెత్తాడు, అక్కడ పోతమ్మ మోకాళ్ళ మీద కూర్చుని ఉంది, దోసిలి మూసుకుని ఉంది, అన్నయ్యా, ఇది కళ్ళు మూసేత్తన్నాది, అంది.

గొంతు కింద నారింజ మచ్చున్న చిన్న పిట్ట, ఈగల్ని పట్టుకు తినే జాతి, బిస్కెట్టు ముక్కంత బరువుండదు, ఎన్ని కొండలు దాటి వచ్చిందో ఇక్కడ ఈ వల అడుగున తడిసి ముద్దై చలికి కొయ్యబారుతోంది, నోరు తెరిచి ఊపిరి తీస్తోంది, తీస్తోంది అనడం కన్నా వెతుక్కుంటోంది అనాలి, ఇలాంటప్పుడు ఏం చెయ్యాలో అతనికి నిద్రలో లేపి అడిగినా తెలుసు, పొడిసంచీలో వేసి చంకలో పెట్టుకోవాలి, చీకటీ వెచ్చదనమూ దొరికితే సర్దుకుంటుంది, దొరక్కపోతే అరచేతిలోనే పోతుంది, పొడిసంచీ ఏది, షెడ్డులోవన్నీ తడిసిపోయాయి, తన చొక్కా తడి, పోతమ్మ చీర తడి, షెడ్డు దాకా పరిగెత్తినా అక్కడా తడే, పొడిగా ఉన్నది ఈ తోట మొత్తానికి ఒక్కటే, అది ఎక్కడుందో తనకి తెలుసు, తనకొక్కడికే తెలుసు, వద్దు, ఇంకేదైనా, ఆసిమ్ సంచీలో తువ్వాలుందేమో, ఆసిమ్ ఎక్కడున్నాడు, పిట్ట మెడ వాల్చింది, చిన్నది, పోతే పోయింది, ఎన్ని పోవు, వలల్లో పనన్నాక ఎక్కడో ఒకటి పోతూనే ఉంటుంది, అవును గాని నోరు అలా తెరవకే, అలా తెరవకు, బావా కిటికీ తియ్యి, తీసే ఉంది గౌరీ, కాదు బావా తియ్యి, తీసి ఉన్న కిటికీని మూసి మళ్ళీ చప్పుడయ్యేలా తీశాడు ఆ రోజు, చప్పుడు వింటేనైనా గాలి వచ్చిందనుకుంటుందని, ఆఁ ఇప్పుడు బాగుంది అంది, అబద్ధం, తన కోసం అంది, ఏటి సూత్తన్నావు అన్నయ్యా ఏదోటి సెయ్యి అని పోతమ్మ అరుస్తోంది, చెయ్యి తనంతట తనే జేబులోకి వెళ్ళింది, ముడి తడి చేతులకి రాలేదు, పళ్ళతో కొరికాడు, కవరు చిరిగింది, పసుపుగుడ్డ బయటికి వచ్చింది, పొడిగా ఉంది.

పోతమ్మ చూసింది, చూసినా దోసిలి కదల్చలేదు, అతను సంచీ మూతి తెరిచి పట్టుకుంటే పిట్టని అందులోకి జార్చింది, అతను చొక్కా గుండీలు విప్పి సంచీని ఒంటికి ఆనించి చంక బిగించాడు, అప్పుడు ఆమె నేల మీద బురదలో అలాగే చతికిలబడిపోయింది, ఇది నీ కాడుందా అంది, ఉంది అన్నాడు, ఎప్పట్నుంచి, మొదట్నుంచీ, దీన్లో పిట్ట నేదా, లేదు పోతమ్మా ఎప్పుడూ లేదు, ఆవిడ రెండు చేతులూ నెత్తిన పెట్టుకుంది, నీకు దండం అన్నయ్యా, నాను ముళ్ళల్లో పడి ఎతుకుతంటే అరుగు మీద కూకోని సూత్తా ఊరుకున్నావా, ఒక్క మాట సెప్తే నీ సొమ్మేటి పోద్ది, అంది, నిజమే, ఇంకా తిట్టు అనుకున్నాడు, తిట్టలేదు, మొహం మీది వాననీళ్ళు తుడుచుకుంది, వాననీళ్ళో ఏమో, ఇది ఒదినమ్మ సీర, అంది, గురునాథరావు ఉలిక్కిపడ్డాడు, నీకు తెలుసా, తెలీదేటి, ఊళ్ళో రోజూ సూసిన సీరలు కాదేటి, మొదటి రోజే తెలిసింది, నువ్వు సెప్పనేదు, నానూ అడగనేదు, అందుకే కదా ఎతికినాను, ఒదినమ్మ పేణం ఊపిరాడక పోనాది, ఒదినమ్మ సీరలోనే ఇంకో పేణం ఊపిరాడక పోతే నాను ఏ మొకం ఎట్టుకోని తిరగాల, అంది.

చంకలో ఏమీ కదలడం లేదు, పోయిందా, చూడబోయి ఆగాడు, తెరిస్తే చలి దూరుతుంది, ఆగాలి, ఇద్దరూ జీడిచెట్టు మొదట్లో ఒకరి పక్కన ఒకరు కూర్చున్నారు, గాలి కొండ మీదికి తోసుకుపోయింది, వాన సన్నబడింది, లేస్తుంది, ఇదిగో ఇప్పుడు లేస్తుంది, ఈ మాట ఇంతకు ముందు అనుకున్నదే, అనుకుని ఓడిపోయిందే, ఛ, మళ్ళీ ఎందుకు అనుకోవాలి, అప్పుడు పక్కటెముకల మీద సన్నగా గోరు గీసినట్టయింది, ఇంకోసారి గీసింది, కాళ్ళు కూడదీసుకుంటోంది, ఆ తర్వాత మొత్తం సంచీ విదిలించుకున్నట్టు కొట్టుకుంది, బతికినాదా అంది పోతమ్మ, ఆఁ అన్నాడు, ఎండ పొడ కనబడ్డాక సంచీ మూతి విప్పి అరచెయ్యి చాచాడు, అది అరచేతిలో నిలబడి ఈకలు దులుపుకుని, ఇటు చూడనైనా చూడకుండా, కాలికి ఉంగరం లేకుండా, ఎవరి లెక్కలోనూ పడకుండా చెట్లలోకి వెళ్ళిపోయింది, దాని దారి దానిది.

సంచీ అతని చేతిలో మిగిలింది, లోపల తెల్లగా రెట్ట, ఒక తడి ఈక, భయం భయంగా మొహం దగ్గర పెట్టుకున్నాడు, పిట్ట వాసన, వాన వాసన, తన చెమట వాసన, ఇంకా లోపలికి పీల్చాడు, కొబ్బరినూనె లేదు, కుంకుడు లేదు, ఇప్పుడు పోయినదేనా, కాదు, ఒక్క గడియలో పోయే వాసన కాదది, ఎప్పుడో పోయింది, ముడి విప్పడానికి భయపడుతున్న రోజుల్లోనే పోయి ఉంటుంది, పాలిథిన్‌లో ముక్కిపోయి ఉంటుంది, ఉందనుకుని తను ఉత్త గుడ్డని మోసుకు తిరిగాడు, ఏడుపు వస్తుందనుకున్నాడు, రాలేదు, ఆశ్చర్యంగా ఛాతీ నిండా గాలి వచ్చింది, ఇంతకీ ఎందుకు దాచినావు అన్నయ్యా, దీన్లో ఏటీ నేదు కదా, అంది పోతమ్మ, ఇప్పుడు కోపంగా కాదు, లేదు అనబోయి ఆమె మోచేతుల మీది గీతలు చూశాడు, ఈ మనిషి రోజూ చీకటి పడేదాకా ముళ్ళల్లో చేతులు పెట్టి వెతికింది ఉత్తినే కాదు, ఎక్కడో ఒక సంచీలో ఒక ప్రాణం ఉండిపోయింది, తియ్యాలి, దాన్నలా వదిలెయ్యకూడదు అన్నది, అదే నిజం, తనకే అర్థం కాలేదు, నోరు తెరుచుకుని గాలి కోసం వెతుక్కుంటూ పోయిన మనిషిని ప్రేమ అనుకుని తెచ్చి కవరులో పెట్టి, ఉన్న కాస్త గాలీ చేత్తో నొక్కేసి, మూతి బిగించి జేబులో వేసుకున్నాడు తను, ఇన్నాళ్ళూ గౌరికి ఊపిరాడనివ్వనిది తనే, ఇదిగో పోతమ్మా, మిగతావాటితో పాటు వేడినీళ్ళలో వెయ్యి అని సంచీ ఆమె చేతికిచ్చాడు.